నలభై మూడు పేర్లు

ఓల్డ్ సెటిల్‌మెంట్, ఖరగ్‌పూర్
25 జనవరి 1977

మా తమ్ముడు విల్‌ఫ్రెడ్‌కి అక్క ఎస్తేరమ్మ దీవించి రాస్తున్నది. ఇక్కడ నేనూ మీ బావా దేవుడి దయవల్ల బాగానే ఉన్నాం. నువ్వూ ఆలిసూ పార్వతీపురంలో ఎలా ఉన్నారో క్రిస్మస్ తర్వాత ఒక్క ముక్క లేదు. సైకిల్ షాపులో పంక్చర్లు వేసీ వేసీ నీ చేతికి కలం పట్టడం మరపొచ్చిందా?

మీ బావకి ముందు పళ్ళు రెండూ ఊడిపోయాయి. ఆదివారం గుడిలో పాట పాడుతుంటే మధ్యమధ్య ఈల వస్తోంది. వెనక బెంచీ పిల్లలు కిసుక్కుమంటారు. నేను కళ్ళు మూసుకుని ప్రార్థనలో మునిగిపోయినట్టు ఉంటాను. జూన్ నెలాఖరుకి ఆయన రిటైరు. వర్క్‌షాపు సైరన్ మోగకపోయినా ఆరింటికి లేచి కూర్చుంటారేమోనని ఇప్పట్నుంచే నాకు బెంగ.

ఇక అసలు సంగతి. ఎన్నికలు పెడుతున్నారట, విన్నావా? రేడియోలో ఆ మాట చెప్పగానే మీ బావ లేచి వాల్యూము తగ్గించారు. మంచి వార్త వచ్చినా వాల్యూము తగ్గించడం ఈ పందొమ్మిది నెలల్లో మా ఇంట్లో అలవాటైపోయింది. మా బడిలో టీచర్లు "నిజంగా జరుగుతాయంటావా?" అని ఒకరి చెవిలో ఒకరు గొణుక్కుంటున్నారు. వర్క్‌షాపు గేటు దగ్గర టీ కొట్టులో మాత్రం నిన్న ఒకాయన గట్టిగా నవ్వాడట. అది పెద్ద వింతలా ఊరంతా చెప్పుకుంటున్నారు.

ఒక పని చెయ్యి. అక్కడ తాలూకా ఆఫీసుకి వెళ్ళి నీ పేరూ ఆలిస్ పేరూ ఓటర్ల జాబితాలో రాయించుకో. ఫారం ఇస్తారు. నామినేషన్ల ఆఖరి రోజు దాకా గడువుంటుంది. ఎందుకని అడక్కు. ఈ ఉత్తరాలు ఎవరెవరి చేతుల్లోంచి వస్తాయో తెలీదు, అన్నీ రాయలేను. అక్క చెప్పింది, చేసెయ్యి.

ఆలిస్‌ని చలిలో డ్యూటీకి స్వెట్టరు వేసుకు వెళ్ళమను.

నీ మేలు కోరే
ఎస్తేరమ్మ


పార్వతీపురం
31 జనవరి 1977

అక్కకి విల్‌ఫ్రెడ్ వందనాలు.

ఆలిస్ స్వెట్టరు వేసుకుంటోంది. ఆసుపత్రిలో వారానికి పది కాన్పులు చేయిస్తున్న మనిషికి నేను చెప్పాలా, నువ్వు చెప్పాలా? షాపు బాగానే సాగుతోంది. వాగన్ చక్రాలు బిగించిన చేత్తో సైకిల్ చక్రాలు బిగిస్తున్నాను. చక్రం చిన్నదైంది, అంతే.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ ఒళ్ళు మండింది. నేను ఖరగ్‌పూర్ ఓటర్నక్కా. డెబ్భై నాలుగులో ఇరవై రోజుల రైల్వే సమ్మె చేశానని ఉద్యోగం తీసేశారు. ఆలిస్ జ్వరంతో మంచంలో ఉండగా క్వార్టరు ఖాళీ చేయించారు. ఇంక మిగిలింది ఆ జాబితాలో పేరొక్కటే. అది కూడా నేనే కొట్టేసుకుని ఈ ఊళ్ళో రాయించుకోవాలా? ఇక్కడ పేరెక్కిన రోజున నేనిక ఖరగ్‌పూర్ రానని నా చేత్తో రాసిచ్చినట్టే. ఈ ఆలోచన నీది కాదు. నాకు తెలుసు. సమ్మె ఇరవై రోజులూ టిఫిన్ క్యారేజీ పట్టుకుని పోలీసుల మధ్య నుంచి వర్క్‌షాపు లోపలికి నడిచి వెళ్ళిన మనిషిది. నేను ఆ ఊరికి దూరంగా ఉంటే ఆయన రిటైర్మెంటు చల్లగా సాగిపోతుంది.

డెబ్భై రెండులో నేను ఓటు వెయ్యడానికి వెళ్తే నా పేరు మీద అప్పటికే ఎవరో వేసేశారు. అప్పుడు నవ్వుకుంటూ ఇంటికొచ్చాను, ఉద్యోగం ఉంది కాబట్టి. ఇప్పుడు నవ్వలేను. ఈసారి మన బడిలో, మనవాళ్ళ లైన్లో నిలబడి నా ఓటు నేను వెయ్యాలి. అది పెట్టెలో పడ్డాక లెక్కపెడతారో, బావిలో పారేస్తారో వాళ్ళిష్టం. ఇదంతా నాటకమనే నాకు అనుమానం. అయినా వస్తాను.

ఇక్కడి గాలి వేరు. ఇక్కడివాళ్ళకి ఎమర్జెన్సీ అంటే రైళ్ళు టైముకి రావడం. టైముకి రైలు నడిపేవాళ్ళకి ఏమైందో అడిగినవాడు లేడు.

బావకి నా వందనాలు చెప్పకు.

విల్‌ఫ్రెడ్


ఖరగ్‌పూర్
6 ఫిబ్రవరి 1977

తమ్ముడూ,

వందనాలు చెప్పొద్దన్నావు, చెప్పలేదు. కానీ ఉత్తరం బల్ల మీద పెట్టి వంటింట్లోకి వెళ్ళి వచ్చేసరికి ఆయన చదివేశారు. సైకిల్ తుడుచుకుంటూ కూర్చున్నారు, అదివరకే తుడిచిన సైకిల్‌ని. నీకు నోరు పారేసుకోవడం చిన్నప్పట్నుంచీ ఉన్నదే. ఆ ఆలోచన ఆయనది కాదు, నాదే. నమ్మితే నమ్ము.

మొన్న బడి వదిలేవేళకి తవిటయ్య వచ్చాడు. నీతోపాటు ఉద్యోగం పోయాక నింపురా అవతల తాటాకు పాకలో ఉంటున్నాడు కదా, రిక్షా తొక్కుతున్నాడు. గేటు దగ్గర నిలబడి, "ఏటి టీచరమ్మా, లిస్టులో మా పేర్లు ఏటయిపోనాయి? బతికే ఉన్నాం గదా?" అన్నాడు. వెళ్ళి జాబితా చూశాను. సమ్మెలో తీసేసినవాళ్ళూ, వాళ్ళ ఆడవాళ్ళూ, ఓల్డ్ సెటిల్‌మెంట్ కాలనీ మొత్తం మీద నలభై మూడు పేర్లు లేవు.

మన ఊరి పద్ధతి నీకు తెలుసు. ఇక్కడ 'ఎవరిల్లు' అని అడగరు, 'ఏ నంబరు' అని అడుగుతారు. ఓటర్ల జాబితా కూడా మనుషుల వరసన కాదు, క్వార్టర్ల వరసన రాస్తారు. డెబ్భై అయిదు చలికాలంలో టీచర్లచేత ఇంటింటికీ తిరిగి లెక్క రాయించారు. తలుపు కొడితే కొత్త మనిషి వచ్చాడు. పాత మనిషి పేరు కొట్టేసి 'ఇక్కడ లేరు' అని రాశారు. పేరు తీసేసేముందు నోటీసు ఇవ్వాలి, ఇచ్చారు కూడా. ఎక్కడ? ఆ క్వార్టరు తలుపుకే అంటించారు! ఆ తలుపు వెనక ఉన్నది వేరే సంసారం. చింపి పొయ్యిలో పెట్టుకుని ఉంటారు.

ఇప్పుడు మళ్ళీ చేర్చాలంటే ఒక్కొక్కరికీ ఒక్కో ఫారం, సంతకమో వేలిముద్రో, ఇప్పుడు ఎక్కడ ఉంటున్నారో రుజువు. ఆ గడువు లోపలే. నేను మొదలుపెట్టాను. అందుకే మళ్ళీ చెప్తున్నాను, నువ్వు అక్కడ రాయించుకో. పంతానికి ఇది సమయం కాదు.

అక్క


పార్వతీపురం
11 ఫిబ్రవరి 1977

అక్కా,

నలభై మూడు! ఉద్యోగాల్లోంచి తీసినప్పుడు ఏ పేర్లు వరసగా ఉన్నాయో ఇప్పుడూ అవే పేర్లు. ఇది పొరపాటని నువ్వు నన్ను నమ్మించలేవు. అప్పుడు ఫోర్‌మన్‌కి ఎవరెవరు సమ్మెలో ఉన్నారో జాబితా రాసిచ్చిన చెయ్యి ఏదో, ఇప్పుడు పేర్లు కొట్టిన చెయ్యి కూడా అదే. ఎవరిదో నేను రాయను. నీకు ఆ మనిషి పక్కనే పీట వేసుకుని అన్నం తినాల్సి ఉంది.

నాకు ఒక్కటే చెప్పు. ఆ నలభై మూడులో నా పేరు ఉందా? రెండు ఉత్తరాలు రాశావు, ఊరందరి సంగతీ రాశావు, బావ పళ్ళ గురించి కూడా రాశావు. నా పేరు జాబితాలో ఉందో లేదో మాత్రం రాయలేదు. లేకపోతే నాకూ ఒక ఫారం నింపు. నా సంతకం నువ్వు చిన్నప్పుడు ప్రోగ్రెస్ కార్డు మీద నాన్న సంతకం పెట్టినట్టు పెట్టెయ్యగలవు.

ఆలిస్ నన్ను అరవొద్దంటోంది. నేను అరవడం లేదు, రాస్తున్నాను.

విల్‌ఫ్రెడ్


ఖరగ్‌పూర్
18 ఫిబ్రవరి 1977

విల్‌ఫ్రెడ్‌కి,

నీ పేరు సంగతి తీరిగ్గా రాస్తాను. ముందు ఇది పూర్తిగా విను. నువ్వు అన్న మాటలకి ఇదే జవాబు.

నలభై ముగ్గురిలో ఏడుగురు ఊరు వదిలి పోయారు. ముప్పై ఆరుగురు ఇక్కడే పాకల్లోనూ, చుట్టాల వరండాల్లోనూ ఉన్నారు. నేను బడి అయ్యాక రోజుకి రెండిళ్ళు తిరిగితే గడువు లోపల పూర్తికాదు. లెక్క వేసుకుంటూ కూర్చుని ఏడుస్తుంటే మీ బావ చూశారు. "నాకియ్యి" అన్నారు. ఫారాలు మడిచి టిఫిన్ సంచిలో పెట్టుకుని సైకిల్ ఎక్కారు.

మొదట తవిటయ్య పాకకి వెళ్ళారు. తవిటయ్య లేడు. వాళ్ళావిడ చిలకమ్మ గుమ్మంలోంచి కదల్లేదట. "ఎందుకొచ్చినావు జ్ఞానప్రకాశం బాబూ? మిగిలిన పేర్లు కూడా రాసుకుపోడానికొచ్చినావా?" అందట. నువ్వు అన్నమాటే ఆవిడా అంది చూడు. ఈయన సంచి అక్కడే దించి, అక్కడున్న పీట వాల్చుకుని వీధిలో కూర్చున్నారు. తవిటయ్య వచ్చేదాకా రెండు గంటలు. అతను వచ్చాక చెప్పిందిది. ఇంటికొచ్చి నాకు చెప్పారు కాబట్టి రాస్తున్నాను:

"నాను సమ్మె రోజుల్లో లోపలికెళ్ళినాను. భయపడి ఎళ్ళినాను. పేర్లు మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. ఇచ్చినానని మీరందరూ అనుకుంటే కాదని సెప్పడానికి కూడా భయపడినాను. ఇది నమ్ముతావో నమ్మవో నీ ఇష్టం. ఈ కాగితం మీద మాత్రం సంతకం పెట్టు."

తవిటయ్య పెట్టాడు. చిలకమ్మ వేలిముద్ర వేసింది గాని టీ ఇవ్వలేదు. మర్నాటి నుంచి తవిటయ్యే తన రిక్షాలో ఆయన్ని మధుర్‌కాఠీ, నింపురా, గోల్‌బజారు వెనక సందులూ తిప్పాడు. నిన్న ఆఖరి రోజున ముప్పై ఆరు ఫారాలూ తీసుకుని ఆయనే రైలెక్కి మేదినీపూర్ ఆఫీసుకి వెళ్ళి రసీదు పట్టుకొచ్చారు. ఇరవై ఏళ్ళలో ఆయన సిక్ లీవు పెట్టిన మొదటి రోజు అది.

మా హెడ్మాస్టరు పిలిచి, "అమ్మా, మీరు గవర్నమెంటు మనిషి. ఎవరి పేర్లు చేర్పిస్తున్నారో చూసుకోండి" అన్నాడు. చూసుకునే చేర్పిస్తున్నానండీ అన్నాను.

నాకు పోలింగ్ డ్యూటీ వేశారు. మన బడిలోనే, తెలుగు తెలిసిన ఆడమనిషి కావాలని. బల్ల దగ్గర మొదటి కుర్చీలో కూర్చుని పేర్లు చూసి చదవడం నా పని.

అక్క


పార్వతీపురం
5 మార్చి 1977
(కార్డు)

అక్కా, తవిటయ్య ఉత్తరం రాయించాడు. పేర్లన్నీ చేరాయట. స్టేషను దగ్గర అనుబంధ జాబితా అంటించారట. ముప్పై ఆరుకి ముప్పై ఆరు! షాపులో ఉన్నవాళ్ళందరికీ టీ తాగించాను. నా పేరు కూడా అందులో చేరిపోయి ఉంటుందని నాకు తెలుసు, నువ్వు ఊరికే ఊరిస్తున్నావు. పదో తేదీన విజయనగరంలో చిన్నాన్న ఇంటికి పోయి, అక్కడ నాలుగు రోజులు ఉండి, అట్నుంచి అటే రైలెక్కుతాను. పోలింగ్ పొద్దున్నకి ఖరగ్‌పూర్‌లో ఉంటాను. బావ గురించి తవిటయ్య రాయించింది చదివాను. ఎదురుపడినప్పుడు ఏమనాలో తెలీదు. చూద్దాం. విల్‌ఫ్రెడ్.


ఖరగ్‌పూర్
10 మార్చి 1977

తమ్ముడూ,

నీ కార్డు ఇవాళ చేరింది. చదివి తల పట్టుకున్నాను. నువ్వు రావద్దు. ఇంకా బయల్దేరకపోతే ఆగిపో.

నీ పేరు లేదు నాయనా. ఆ నలభై మూడులో నువ్వూ ఆలిసూ ఉన్నారు. మళ్ళీ చేర్చిన ముప్పై ఆరులో లేరు.

ఇంకో మాట కూడా చెప్పాలి. జనవరి నుంచి ప్రతి ఉత్తరంలోనూ రాద్దామనుకుని రాయలేకపోయాను. సెన్సారు భయం అని నీకు రాశాను గాని, నిజానికి నువ్వంటే భయమే. 'టీచర్లచేత లెక్క రాయించారు' అని రాశాను కదా. ఓల్డ్ సెటిల్‌మెంటులో ఆ లెక్క రాసింది నేనే. నలభై మూడు పేర్లూ కొట్టింది నా చెయ్యే. మీ బావ కాదు, ఫోర్‌మన్ కాదు, ఢిల్లీలో ఉన్నవాళ్ళు ఎవరూ కాదు.

నీ క్వార్టరు తలుపు కొట్టినప్పుడు లోపల్నుంచి ఎవరో కొత్త కోడలు వచ్చింది. చంకలో పిల్లాడు. 'ఈ ఇంట్లో విల్‌ఫ్రెడ్ అనే ఆయన ఉన్నాడా?' అని అడిగాను. నా తమ్ముడు అక్కడ లేడని నాకు తెలీదా? అయినా అడిగాను, రూలు ప్రకారం. లేరండీ అంది. గీత కొట్టి, తేదీ వేసి, పొట్టి సంతకం పెట్టి పక్కింటికి వెళ్ళాను. తవిటయ్య నింపురాలో ఉన్నాడనీ, రోజూ మా సందులోంచే రిక్షా తొక్కుకుంటూ వెళ్తాడనీ తెలిసి కూడా అతని పేరూ కొట్టాను. కాగితం క్వార్టరు అడిగింది, నేను క్వార్టరే చూశాను. ఇరవై ఆరేళ్ళ నుంచి హాజరు పట్టీ రాస్తున్నదాన్ని. పని శుభ్రంగా చేశానని ఆ రోజు నాకు తృప్తిగా కూడా ఉంది. ఇదీ నా గొప్ప.

నీకెందుకు ఫారం నింపలేదంటే, 'ప్రస్తుతం ఈ ఊళ్ళోనే నివసిస్తున్నారు' అని రాసి కింద నేను సాక్షి సంతకం పెట్టాలి. మిగతావాళ్ళ విషయంలో అది నిజం. నీ విషయంలో అబద్ధం. ఆ ఒక్క అబద్ధం ఎవరైనా పట్టుకుంటే ముప్పై ఆరు ఫారాలూ చెత్తబుట్టలోకి పోతాయి. అందుకే అక్కడ రాయించుకో, రాయించుకో అని మొత్తుకున్నాను. కారణం చెప్పకుండా మొత్తుకుంటే నువ్వెందుకు వింటావు? తప్పు నాదే.

నన్ను తిట్టు. రావద్దు.

ఎస్తేరమ్మ


ఖరగ్‌పూర్
21 మార్చి 1977

తమ్ముడూ,

రేడియో మోగుతూనే ఉంది. ఒక్కొక్క చోటు ఫలితం చెప్తుంటే మీ బావ వాల్యూము తగ్గించడం మానేశారు. పక్కింటివాళ్ళు పెంచారు, ఈయన ఇంకా పెంచారు. వీధంతా అరుపులు, బాణాసంచా. నాకు మాత్రం ఏమీ వినబడటం లేదు. నువ్వు ఇంటికి రాకుండానే వెళ్ళిపోయావు. ఆయన స్టేషనుకి వెళ్ళి నాలుగు ప్లాట్‌ఫారాలూ వెతికి వచ్చారు.

ఆ రోజు నేను కుర్చీలో కూర్చునేసరికి లైను బడి గేటు దాటి వాటర్ ట్యాంకు దాకా ఉంది. ఇన్నేళ్ళలో ఇలాంటి లైను చూడలేదు. ఆడవాళ్ళు ఉతికిన చీరలు కట్టుకుని వచ్చారు, పండగకి వచ్చినట్టు. మాట్లాడటం మాత్రం లేదు. చిలకమ్మ నా బల్ల దగ్గరికి వచ్చి, పేరు గట్టిగా చెప్పి, "ఉన్నానా టీచరమ్మా?" అని అడిగింది. ఉన్నావు అన్నాను. ఆవిడ నవ్వలేదు, నేనూ నవ్వలేదు. మధ్యాహ్నానికి ముప్పై ఆరుగురూ వేసేశారు. ఒక్కొక్కరి పేరు పక్కన గీత పెడుతున్నప్పుడు నా ప్రాణం కొంచెం కొంచెం కుదుటపడింది.

కిటికీలోంచి నువ్వు కనబడ్డావు. పదకొండు గంటలకి. నా ఉత్తరం నీకు చేరలేదని, విజయనగరానికి టెలిగ్రాం ఇవ్వాల్సిందని అప్పుడే అర్థమైంది. అప్పుడే ఎవరిచేతనైనా నీకు కబురు పెట్టి ఉండొచ్చు. పెట్టలేదు. డ్యూటీలో ఉన్నవాళ్ళు బయటివాళ్ళకి కబుర్లు పంపకూడదు, అది నిజమే. నీకు చెప్పే ధైర్యం లేదన్నదీ నిజమే. రెండింట్లో ఏది ఎక్కువో నన్నడక్కు. ఎండలో రెండున్నర గంటలు నిలబెట్టాను నిన్ను.

నువ్వు వచ్చి నా ఎదురుగా నిలబడి "విల్‌ఫ్రెడ్" అన్నావు. నీ మొహంలో ఆ నవ్వు. 'ఈ పేరు జాబితాలో లేదు' అన్నాను. నువ్వు "ఏటక్కా?" అన్నావు. రెండోసారి కూడా లేదన్నాను.

అప్పుడే అధికార పార్టీ ఏజెంటుగా కూర్చున్న బెంగాలీ దాదా ముందుకి వంగాడు. "దీదీ, ఇతను మీ తమ్ముడే కదా. పాపం అంత దూరం నుంచి వచ్చాడు. దేముడు అనే మనిషి పేరు ఉంది చూడండి, పోయినేడు చచ్చిపోయాడు. దాని మీద వెయ్యనివ్వండి, నేను అభ్యంతరం చెప్పను. సాయంత్రం మావాళ్ళు ఇద్దరు ముగ్గురు వస్తారు, మీరూ చూసీచూడనట్టు ఊరుకుందురు గాని" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు, ఇంట్లో మనిషిలా. ఎదుటి పార్టీ ఏజెంటు కుర్రాడు కూడా తల వంచుకున్నాడు, మీవాడే కదా అన్నట్టు. ప్రిసైడింగ్ ఆఫీసరు పెట్టె దగ్గర ఉన్నాడు, వినలేదు.

నేను జాబితా వైపే చూస్తూ, "దేముడు చచ్చిపోయినాడు. చచ్చిపోయినవాడికి ఓటు లేదు. ఈయనకీ లేదు. తర్వాత మనిషిని రమ్మనండి" అన్నాను. తలెత్తేసరికి నీ వీపు కనబడింది.

సాయంత్రం ఆ ఇద్దరు ముగ్గురూ రాలేదు. వచ్చినా నా ముందుకి రాలేరని ఆ దాదాకి తెలిసిపోయింది. పెట్టెకి సీలు వేసేటప్పుడు అతనే లక్క వెలిగించి ఇచ్చాడు. 'కఠిన్ దీదీ' అన్నాడు, కఠినమైన అక్క అని. అతను మెచ్చుకున్నాడో తిట్టాడో తెలీదు గాని ఇంటికొచ్చి స్నానాల గదిలో తలుపేసుకుని ఏడ్చాను.

నువ్వు ఏం రాసినా చదువుతాను. రాయకపోతే మాత్రం నేను ఓర్చుకోలేను.

అక్క


పార్వతీపురం
4 ఏప్రిల్ 1977

అక్కకి,

పదో తేదీ ఉత్తరం నేను తిరిగి వచ్చేసరికి ఆలిస్ దగ్గర ఉంది. తర్వాతది వారానికి వచ్చింది. రెండూ ఒకే రోజు చదవలేకపోయాను. మొదటిది చదివాక రెండు రోజులు షాపు తెరవలేదు. నువ్వు కొట్టావంటే నమ్మలేకపోయాను. తర్వాత నమ్మాను. ఒకటో క్లాసులో నేను బడి ఎగ్గొట్టి రైలు కింద పైసాలు పెట్టడానికి పోతే నా పేరు పక్కన సున్న పెట్టినదానివి. తమ్ముడివని వదిలావా అప్పుడు మాత్రం?

కోపం పోయిందని రాయను, కొంత ఉంది. పేరు కొట్టినందుకు కాదు, చెప్పనందుకు. ముందే చెప్పి ఉంటే ఇక్కడ రాయించుకునేవాణ్ణి కదా. ఇంకో సంగతి తెలుసా? ఆలిస్ నీ మొదటి ఉత్తరం చదివిన మర్నాడే నాకు చెప్పకుండా తాలూకా ఆఫీసుకి పోయి తన పేరు రాయించుకుందట. ఓటు కూడా వేసింది. ఎవరికి వేశావే అంటే, "రహస్యం అంటే ఏటనుకున్నారు?" అంటోంది. నేను ఇంట్లో ఇన్నాళ్ళు ఉపన్యాసాలు ఇస్తే ఓటు ఆవిడకి దక్కింది.

ప్రభుత్వం మారిపోయింది. నా ఓటు లేకుండానే మారింది. సంతోషమే, కానీ పెళ్ళి అయిపోయాక చేరిన చుట్టంలా ఉంది నాకు. సమ్మెలో తీసేసినవాళ్ళని మళ్ళీ తీసుకుంటారని పేపర్లో వేశారు. ఆర్డరు రాగానే వస్తాను. క్వార్టరు దొరికేదాకా మీ ఇంట్లోనే ఉంటాం. బావని అడుగు, ఒప్పుకుంటారో లేదో. పేర్లు ఇచ్చారన్న మాట నేను మూడేళ్ళు ఊరంతా చెప్పాను. ఆయన మీద రుజువేదీ నా దగ్గర లేదు, అప్పుడూ లేదు. ఆయన కాళ్ళకి దండం పెట్టమన్నా పెడతాను, కానీ అది ఉత్తరంలో పెట్టేది కాదు.

ఇప్పుడు ఇంకొకటి. ఇది ఆలిస్‌కి కూడా చెప్పలేదు.

నువ్వు మొదటిసారి లేదన్నప్పుడు నీ మీద మండిపోయాను. అంతలో ఆ దాదా దేముడి పేరు ఎత్తాడు. దేముడు నాకు తెలుసు. వాగన్ షాపులో నా పక్క బెంచీలో పదేళ్ళు పనిచేశాడు. సమ్మె మొదటి రోజున నా భుజం మీద చెయ్యేసుకుని గేటు బయట నిలబడ్డాడు. ఆయన పోయిన సంగతి నాకు అప్పుడే, ఆ బల్ల దగ్గరే తెలిసింది. మనిషన్నవాడు ఆ మాటకి అయ్యో అనాలి. నేను అనలేదు.

నువ్వు జాబితా వైపు చూస్తున్నావు కాబట్టి నేనేం చేశానో నీకు కనబడలేదు. నేను పక్క కుర్చీ వైపు జరిగాను అక్కా. సిరా సీసా పట్టుకుని కూర్చున్నాయన ముందుకి ఎడమ చెయ్యి చాపేశాను. ఆయన నా వేలు పట్టుకున్నాడు కూడా. నా ఓటు ఎవరో వేసేశారని అయిదేళ్ళు తిట్టినవాణ్ణి, చచ్చిపోయిన స్నేహితుడి ఓటు వెయ్యడానికి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. నువ్వు 'ఈయనకీ లేదు' అన్నాక ఆయన నా వేలు వదిలేశాడు. నేనుగా తీసుకోలేదు.

ఇంటికి ఎందుకు రాలేదంటే ఇందుకు. నీ మీద కోపంతో వెళ్ళిపోయానని నువ్వు అనుకున్నావు, నేనూ రైల్లో బరంపురం దాకా అలాగే అనుకున్నాను. నేను వచ్చాక ఈ మాట ఎత్తకు. అందరినీ దొంగలని అన్న నోటితో దీన్ని నీ మొహం చూస్తూ చెప్పలేను, అందుకే రాశాను.

నీ తమ్ముడు
విల్‌ఫ్రెడ్